సంతకం పెట్టకండి, ఆ వ్యానే మీ జామీను

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నలభై రోజుల కిందట నేనూ మా ఆవిడా కారులో పాతపట్నం నీలమణి దుర్గమ్మ దర్శనానికి బయల్దేరాం. ఆంధ్రా వైపు అడుగుపెట్టామో లేదో, ఎదురుగా వస్తున్న కూరగాయల వ్యాను ముందున్న బండిని దాటబోయి మా మీదకొచ్చేసింది. నాకు నుదుటి మీద నాలుగు కుట్లు పడ్డాయి. మా ఆవిడకి కుడి తొడ ఎముక విరిగింది. శ్రీకాకుళంలో ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. ఇప్పటికి 2 లక్షల 40 వేలు అయింది. ఆమె వయసు 38. ఇంట్లో బట్టలు కుట్టి నెలకు పన్నెండు వేల దాకా సంపాదించేది. కారు ఇంకా షెడ్డులోనే ఉంది, 90 వేలు అవుతుందన్నారు.

పాతపట్నం పోలీసులు కేసు కట్టారు. వ్యాను స్టేషన్లో ఉంది. దాని ఇన్సూరెన్స్ తీరిపోయి ఎనిమిది నెలలైందట. నడిపిన కుర్రాడు టెక్కలి దగ్గర ఒకాయన దగ్గర ఆ బండి కొన్నాడు గానీ కాగితాలు ఇంకా ఆయన పేరునే ఉన్నాయి. ఇప్పుడు పెద్దమనుషులు వచ్చి అరవై వేలు ఇప్పిస్తాం, బండి విడిపించుకోవడానికి అభ్యంతరం లేదని కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. ఇన్సూరెన్స్ లేని బండి మీద కేసు వేసినా పైసా రాదని అందరూ అంటున్నారు. ఒక బ్రోకరైతే, గుర్తు తెలియని బండి గుద్దిందని రాయిస్తే గవర్నమెంటు డబ్బు వస్తుందన్నాడు. మేం ఒడిశావాళ్ళం, జరిగింది ఆంధ్రాలో. కేసు ఎక్కడ వేయాలి? మా కారుకి ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది గానీ తప్పు వాళ్ళది కదా అని మా కంపెనీకి చెప్పలేదు. ఏం చేయమంటారు?

ఉత్తరం అడుగున మా ఆవిడ ఒక మాట రాయమంది: ఆ కుర్రాడి తల్లి మా ఇంటికొచ్చి ఏడ్చి వెళ్ళింది. కేసు వేస్తే వాడు జైలుకి పోతాడా?

— పేరు వద్దు, పర్లాకిమిడి

జవాబు:

ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. మిగతాదంతా తీరిగ్గా మాట్లాడుకుందాం, ఇది మాత్రం ఇవాళే తేలాలి. వాళ్ళు అరవై వేలు ఇస్తామంటున్నది మీ ఆవిడ కాలుకి కాదు, స్టేషన్లో ఉన్న ఆ వ్యానుకి. అది బయటికొచ్చిన మర్నాటినుంచి మీ ఫోను ఎత్తేవాడు ఉండడు.

ఎందుకంటున్నానంటే, ఇన్సూరెన్స్ లేని బండి మనిషిని గాయపరిస్తే దాన్ని ఏం చేయాలో నిబంధన ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం, థర్డ్ పార్టీ బీమా (ఆ బండి వల్ల ఎదుటివాళ్ళకి కలిగే నష్టానికి కట్టే బీమా) లేని బండిని ఏ కోర్టూ ఊరికే విడిచిపెట్టకూడదు. రేపు నష్టపరిహారం తీర్పు వస్తే ఆ సొమ్ము కట్టడానికి సరిపోయే జామీను ఓనరు చూపించాలి. చూపించలేకపోతే, పోలీసులు బండిని స్వాధీనం చేసుకున్న రోజు నుంచి మూడు నెలలు గడిచాక మేజిస్ట్రేటు దాన్ని బహిరంగ వేలం వేయించి, వచ్చిన డబ్బును పదిహేను రోజుల్లో, ప్రమాద పరిహారం కేసులు వినే ట్రిబ్యునల్లో జమ చేయించాలి. ఆ డబ్బు మీ పరిహారం కోసమే. ఇలాంటి నిబంధన ప్రతి రాష్ట్రంలోనూ ఉండాలని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. మీకు నలభై రోజులు అయింది, అంటే ఇంకో యాభై రోజులు. పెద్దమనుషుల తొందర ఎందుకో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

అయితే నిబంధన ఉన్నంతమాత్రాన దానంతటదే నడవదు. బండి ఇప్పించమని ఓనరు మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు పెడతాడు. మామూలు కేసుల్లో ఓ పూచీకత్తు బాండు రాయించుకుని బండి ఇచ్చేయడం కోర్టులకు అలవాటు. గాయపడినవాళ్ళ తరఫున ఎవరూ లేకపోతే ఈ కేసులోనూ అలాగే జరిగిపోవచ్చు. కాబట్టి మీ వకీలు ఆ కోర్టులో ముందే ఒక అభ్యంతరం దాఖలు చేయాలి: ఈ బండికి బీమా లేదు, బాధితురాలికి తొడ ఎముక విరిగింది, ఖర్చు ఇంత, తగిన జామీను లేకుండా విడుదల చేయవద్దు అని. ఆసుపత్రి బిల్లులు జత చేయాలి. బాండు కాగితం కాకుండా బ్యాంకు గ్యారంటీయో, పొలం ఇల్లు ఉన్నవాళ్ళ హామీయో అడగండి. ఒక పేజీ దరఖాస్తు ఇది. ఈ పని ఈ వారమే అవ్వాలి.

ఇక "పైసా రాదు" అన్నవాళ్ళ మాట. ఇన్సూరెన్స్ ఉంటే కంపెనీ కడుతుంది, లేకపోతే బండి ఓనరు కడతాడు. తేడా అంతే. కట్టాల్సిన బాధ్యత ఎక్కడికీ పోదు. కంపెనీ దగ్గర డబ్బు ఉంటుంది, ఓనరు దగ్గర ఉండొచ్చు, ఉండకపోవచ్చు. జనం చూసేది ఆ రెండో సంగతే గనక "రాదు" అనేస్తారు. అందుకే మొదట తేల్చుకోవాల్సింది చట్టం కళ్ళకి ఓనరు ఎవరు అన్నది.

మీ కేసులో అదే మీకు కలిసొచ్చిన విషయం. బండి అమ్మేశాను, డబ్బు పుచ్చుకున్నాను, నాకేం సంబంధం అని టెక్కలి ఆయన అంటాడు. నిజంగా అమ్మే ఉంటాడు. కానీ రిజిస్ట్రేషన్ కాగితంలో ఎవరి పేరుంటే వాళ్ళే ఓనరు. 2018 ఫిబ్రవరిలో నవీన్‌కుమార్ వర్సెస్ విజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. ఆ కేసులో బండి ఒకరి నుంచి ఇంకొకరికి, వాళ్ళ నుంచి మరొకరికి చేతులు మారింది, రిజిస్ట్రేషన్ మాత్రం మొదటివాడి పేరునే ఉంది. బాధితుడు ఆ గొలుసంతా పట్టుకుని తిరగక్కర్లేదు, కాగితం మీదున్న ఓనరే కట్టాలి అన్నారు. అమ్మినవాడు సొంత రాష్ట్రంలోనైతే 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో రవాణా ఆఫీసుకు తెలపాలని చట్టంలోనే ఉంది. మన వైపు ఎవరు తెలుపుతారు? రాష్ట్రాల సరిహద్దు గీతకి ఇటొక బండి అటొక బండి, సంతకం చేసిన ఖాళీ ఫారాలు జేబులో పెట్టుకుని అమ్మేస్తుంటారు. టెక్కలి ఆయన్నీ, వ్యాను కొని నడిపిన కుర్రాణ్ణీ ఇద్దర్నీ ప్రతివాదులుగా చేర్చండి. ఆయనకి ఇల్లూ పొలమూ ఉన్నాయేమో కనుక్కోండి. సర్వే నంబర్లు దొరికితే రాసిపెట్టుకోండి, తరవాత పనికొస్తాయి.

ఇన్సూరెన్స్ తీరిపోయిందన్న మాటను కూడా విన్నంతమాత్రాన నమ్మేయకండి. ఫోనులో ఎంపరివాహన్ యాప్ తెరిచి బండి నంబరు కొడితే బీమా ఏ తేదీ దాకా ఉందో కనబడుతుంది. కానీ యాప్‌లో అప్పుడప్పుడు పాత వివరాలే ఉండిపోతాయి. దర్యాప్తు అధికారి ఓనరును పాలసీ కాపీ అడిగి తీరాలి. దీనికి తిరకాసు వైపు కూడా ఒకటుంది: పొద్దున గుద్ది మధ్యాహ్నం పాలసీ కొనడం. అలాంటి కాగితం ఏదైనా బయటికొస్తే దాని మీద తేదీ ఒక్కటే చూడకండి, బీమా ఏ గంట నుంచి మొదలైందో కూడా అచ్చు వేసి ఉంటుంది. ప్రమాదం తరవాత మొదలైన పాలసీ మీకు అక్కరకు రాదు. (లైసెన్సు లేకపోవడం వేరు, ఇన్సూరెన్స్ లేకపోవడం వేరు. పాలసీ ఉండి డ్రైవరుకి సరైన లైసెన్సు లేకపోతే, చాలా కేసుల్లో కంపెనీ ముందు మీకు కట్టి తరవాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెబుతాయి. మీ కేసు అది కాదు గానీ రెండూ ఒకటే అనుకుని వెనక్కి తగ్గినవాళ్ళను చూశాను.)

ఇప్పుడు ఆ బ్రోకరు మాట. ఎవరు గుద్దారో తెలియకుండా పోయిన కేసుల్లో, గుద్ది పారిపోతారు చూడండి, వాటికి ఒక కేంద్ర పథకం ఉంది. ప్రాణం పోతే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు. మీ బండి స్టేషన్ ఆవరణలో ఉంది, నంబరు ఎఫ్‌ఐఆర్‌లో ఉంది, నడిపినవాడు తెలుసు. గుర్తు తెలియని బండి అని రాయిస్తే అది అబద్ధపు కేసు. పైగా 50 వేల కోసం అసలు హక్కును చేతులారా చెరిపేసుకున్నట్టే. ఆయన్ని గుమ్మంలోంచే పంపేయండి.

అసలు పరిహారం ఎంత రావాలి? పెద్దమనుషులు 60 వేలు అన్నారు గనక మనం కూడా ఓ లెక్క వేద్దాం. అయిపోయిన ఖర్చు 2 లక్షల 40 వేలు. ఆరు నెలలు మిషను తొక్కలేదనుకుందాం, నెలకు 12 వేల చొప్పున 72 వేలు. ఇక మిగిలిపోయే అవిటితనం. రాడ్ వేసిన కాలు మునుపటంత వంగుతుందా, గంటల తరబడి పెడలు తొక్కగలదా అన్నది డాక్టరు చెప్పాలి. ఇక్కడే వకీళ్ళు కూడా పొరపడుతుంటారు. మెడికల్ బోర్డు "ఆ కాలికి ఇంత శాతం వైకల్యం" అని రాస్తుంది. కానీ సంపాదనలో ఎంత పోయిందన్నది ఆ మనిషి చేసే పనిని బట్టి ఉంటుందని రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ తీర్పులో సుప్రీంకోర్టు 2010లో స్పష్టంగా చెప్పింది. బల్ల ముందు కూర్చుని లెక్కలు రాసుకునే గుమస్తాకి తొడ ఎముక విరగడం ఒక సంగతి. కుడికాలితో మిషను తొక్కే దర్జీకి అదే విరగడం ఇంకో సంగతి. పిటిషన్లో ఈ ముక్క ఉండాలి: కాలితో తొక్కే మిషను. మోటారు మిషను కాదు.

ఊరికే ఉదాహరణకి, సంపాదనలో 15 శాతం శాశ్వతంగా పోయిందని తేలిందనుకోండి. ఏడాదికి 1,44,000. సొంత పని చేసుకునేవాళ్ళకి నలభై లోపు వయసైతే భవిష్యత్తులో పెరగబోయే సంపాదన కింద 40 శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేఠీ తీర్పు. గాయాల కేసులకు కూడా ఇది వర్తిస్తుందని 2020లో మరో తీర్పు. అంటే 2,01,600. అందులో 15 శాతం 30,240. 36 నుంచి 40 ఏళ్ళ వయసువారికి 15తో గుణించాలని 2009 నాటి సరళా వర్మ తీర్పులో పట్టిక ఉంది. 4,53,600 వస్తుంది. అన్నీ కలిపితే 7,65,600. ఇందులో ఇంకా ఆమె పడ్డ బాధ లేదు, రేపు రాడ్ తీయించే ఆపరేషన్ లేదు, మంచం మీదున్నన్నాళ్ళూ తోడున్న మనిషి ఖర్చు లేదు, శ్రీకాకుళానికి తిరిగిన కారు కిరాయిలు లేవు, ఆమె ఇంటిపనికి కట్టే విలువా లేదు. 2021లో వచ్చిన కీర్తి తీర్పు తరవాత ఆ విలువ అడగడానికి మొహమాటపడక్కర్లేదు. వడ్డీ కూడా ఉంటుంది. ట్రిబ్యునల్ ఇదంతా ఒప్పుకుంటుందని నేను హామీ ఇవ్వడం లేదు. శాతం తగ్గొచ్చు, సంపాదనను తక్కువ కట్టొచ్చు. బేరం ఎక్కడినుంచి మొదలవ్వాలో తెలియడానికి ఈ లెక్క.

సంపాదన రుజువు చేయడమే మీకు కష్టం. ఇంట్లో కుట్టేవాళ్ళకి రసీదు పుస్తకాలు ఉండవు. కొలతలు రాసుకునే నోటుబుక్కు ఉంటుంది కదా, అది జాగ్రత్త చేయండి. ఫోన్‌పేలో వచ్చిన డబ్బుల జాబితా తీయించండి. మిషను కొన్న బిల్లు, దారాలూ లైనింగు గుడ్డా కొన్న దుకాణం చీటీలు, ఏళ్ళుగా జాకెట్లు కుట్టించుకుంటున్న ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళ సాక్ష్యం. కోర్టు మెట్లెక్కమంటే వెనకాడతారు, అందుకే ఇప్పుడే అడిగిపెట్టుకోండి. ఆసుపత్రి కాగితాల్లో డిశ్చార్జి సమ్మరీ, మందుల బిల్లులు, ఎక్స్‌రే ఫిల్ములు ఏదీ పారేయకండి. ఎక్స్‌రే పాతబడింది కదా అని పొయ్యిలో పెట్టిన కుటుంబం ఒకటి నాకు తెలుసు, ఆ కేసు గురించి తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

కేసు ఎక్కడ వేయాలన్న ప్రశ్నకి వస్తాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడినప్పుడు గీసిన గీత పర్లాకిమిడిని అటు ఉంచి పాతపట్నాన్ని ఇటు ఉంచింది. అప్పట్నుంచీ కొలువొకచోట, కొట్లు ఒకచోట, చుట్టాలు రెండు చోట్లా. మోటారు వాహనాల చట్టం ఈ విషయంలో ఉదారంగానే ఉంది. 166వ సెక్షన్ ప్రకారం ప్రమాదం జరిగినచోట గానీ, మీరు నివసించే చోట గానీ, ప్రతివాది ఉండే చోట గానీ ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు. అంటే పర్లాకిమిడిలో ఉన్న గజపతి జిల్లా కోర్టులో వేయొచ్చు, శ్రీకాకుళం జిల్లాలో వేయొచ్చు. ఎంపిక మీదే, ఎవరూ కాదనలేరు.

ఇంటిపక్కన కోర్టు ఉండగా అంత దూరం ఎందుకని అందరూ పర్లాకిమిడినే ఎంచుకుంటారు. నేను మాత్రం మీకు శ్రీకాకుళమే చెబుతాను. కారణాలు నాలుగు. ఎఫ్‌ఐఆరూ పంచనామా సాక్షుల మాటలూ అన్నీ తెలుగులో ఉన్నాయి, ఒడిశాలో అయితే వాటన్నిటికీ అనువాదం చేయించాలి. ఆపరేషన్ చేసిన డాక్టరు శ్రీకాకుళంలో ఉన్నాడు, అవిటితనం గురించి సాక్ష్యం చెప్పాల్సింది ఆయనే. రాష్ట్రం దాటి రమ్మంటే వాయిదాలు పడతాయి. వ్యాను ఆంధ్రా మేజిస్ట్రేటు అధీనంలో ఉంది, వేలం డబ్బు జమయ్యేదీ అక్కడే అయితే సులువు. చివరిది, పెద్దది: టెక్కలి ఆయనకి ఆస్తి ఉంటే అది ఆ జిల్లాలోనే ఉండొచ్చు. మీ ఆవిడ ప్రతి వాయిదాకీ వెళ్ళక్కర్లేదు, ఒకటి రెండు సార్లు సాక్ష్యానికి వెళ్తే చాలు. కాలు చూపించుకోవడానికి ఎలాగూ వెళ్తారు, తారీకు కలుపుకోవచ్చు.

గడువు మాత్రం మరిచిపోకండి. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పిటిషన్ వేయాలన్న నిబంధన 2022 ఏప్రిల్ నుంచి మళ్ళీ వచ్చింది. అంతకుముందు చాలా ఏళ్ళు గడువే లేదు. అందుకే పాత అలవాటున్నవాళ్ళు "ఎప్పుడైనా వేసుకోవచ్చు" అంటారు. ఆ గడువు చెల్లుతుందా లేదా అన్నది సుప్రీంకోర్టులో వివాదంగా ఉంది. ఆలస్యం ఒక్కటే కారణంగా పిటిషన్లు కొట్టేయవద్దని 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు కూడా ఇచ్చారు. మధ్యంతరమంటే మధ్యంతరమే, దాన్ని నమ్ముకుని కూర్చోకండి. కాలు పూర్తిగా నయమయ్యాక వేద్దామనీ ఆగకండి. ముందు పిటిషన్ వేయండి, వైకల్యం సర్టిఫికెట్ తరవాత పెట్టొచ్చు. పోలీసులు 48 గంటల్లో మొదటి నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక ట్రిబ్యునల్‌కి పంపాలి. ఆ పూర్తి నివేదికనే పిటిషన్‌గా తీసుకోవచ్చని చట్టంలో ఉంది. స్టేషన్‌కి వెళ్ళి అది పంపారా లేదా అడగండి, కాపీ తీసుకోండి. కానీ దాని మీదే ఆధారపడి మీది వేయడం మానకండి.

వకీలు ఫీజు గురించి మీరు అడగలేదు గానీ చెబుతాను. ఆడవాళ్ళకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం హక్కు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి ఒక దరఖాస్తు ఇస్తే వకీల్ని పెడతారు. 15100కి ఫోను చేసినా దారి చెబుతారు. పిటిషనరు మీ ఆవిడ గనక ఆమె పేరునే అడగండి. వచ్చినదాంట్లో పావలా వాటా నాకు అనేవాళ్ళు ఆసుపత్రి వరండాల్లోనే తగులుతుంటారు. వకీలు అలా వాటా మాట్లాడుకోవడం నిషిద్ధం.

మీ కారు సంగతి. తప్పు వాళ్ళదైనా మీ కారు మరమ్మతు మీ ఫుల్ ఇన్సూరెన్స్ కిందే చేయించుకోవచ్చు, ఎవరు గుద్దారన్నదానితో దానికి పనిలేదు. ఆలస్యంగా చెబుతున్నారు గనక ఇవాళే రాతపూర్వకంగా చెప్పండి. ఆవిడ ఆపరేషన్‌లో ఉండి చెప్పలేకపోయానని నిజం రాయండి, ఆసుపత్రి కాగితం జత చేయండి. నిజమైన క్లెయిమును ఆలస్యం ఒక్కటే సాకుగా కొట్టేయవద్దని బీమా నియంత్రణ సంస్థ 2011లోనే కంపెనీలకు చెప్పింది. కాదంటే భువనేశ్వర్‌లో బీమా ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు, అక్కడ ఫీజు లేదు. కారు ఇంకా షెడ్డులో ఉండడం మీ మంచికే వచ్చింది. సర్వేయరు చూసేదాకా బోల్టు కూడా విప్పనివ్వకండి. తరుగుదల కింద కంపెనీ కోసుకున్న మొత్తాన్ని వ్యాను ఓనరు మీద అడగొచ్చు, కంపెనీ ఇచ్చిన దాన్ని మళ్ళీ అడగకూడదు.

దీంట్లోనే ఇంకో కిటుకు ఉంది, జాగ్రత్తగా వినండి. మీ ఆవిడ కారులో ప్రయాణికురాలు. ఆమె దృష్టిలో మీ కారు కూడా ప్రమాదంలో ఉన్న ఒక బండే, దానికి బీమా ఉంది. రెండు బండ్ల తప్పూ కలిసి గాయమైతే బాధితులు మొత్తం పరిహారాన్ని ఇద్దరిలో ఎవరి దగ్గరైనా వసూలు చేసుకోవచ్చని 2015లో ఖెన్యేయ్ కేసులో తీర్పు ఉంది. కాబట్టి మీ కారు బీమా కంపెనీనీ, ఓనరుగా మిమ్మల్నీ కూడా పిటిషన్లో ప్రతివాదులుగా చేర్చమని వకీలుతో మాట్లాడండి. భార్య భర్త మీద కేసు వేయడమేమిటని కంగారు పడకండి, కాగితం మీద వరస అంతే. ఉన్న తప్పు దాచమని గానీ, లేని తప్పు ఒప్పుకోమని గానీ నేను అనడం లేదు. జరిగింది జరిగినట్టే చెప్పండి, తప్పు ఎవరిది ఎంత అన్నది ట్రిబ్యునల్ తేలుస్తుంది. తప్పుతో నిమిత్తం లేకుండా తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు, మరణానికి అయిదు లక్షలు ఇచ్చే 164వ సెక్షన్ కూడా ఉంది. మీ కారు కంపెనీ మీద ఆ దారిలో వెళ్ళొచ్చా అని వకీల్ని అడగండి. కానీ ఆ సొమ్ము ఒప్పుకుని పుచ్చుకుంటే పెద్ద పిటిషన్ రద్దయ్యే నిబంధన ఒకటుంది. ఏ దారి పట్టాలో ముందే తేల్చుకోవాలి.

పాలసీలో "పర్సనల్ యాక్సిడెంట్ 15 లక్షలు" అని ఉంటుంది, దాన్ని చూసి ఆశపడకండి. అది ఓనరు స్వయంగా నడుపుతూ చనిపోతేనో, కాలో చెయ్యో కన్నో పోతేనో వచ్చేది. నాలుగు కుట్లకు రాదు.

తీర్పు వచ్చాక కూడా ఓనరు కట్టకపోతే? చాలామంది కట్టరు. అప్పుడు 174వ సెక్షన్ కింద ట్రిబ్యునల్ కలెక్టరుకి ఒక సర్టిఫికెట్ పంపుతుంది. శిస్తు బకాయిని ఎలా వసూలు చేస్తారో అలా వసూలు చేయాలి, అంటే పొలం జప్తు దాకా వెళ్ళొచ్చు. ఈలోగా ఆస్తిని బావమరిది పేరుకో కొడుకు పేరుకో మార్చే ప్రయత్నం కనిపిస్తే తీర్పుకి ముందే జప్తు చేయమని అడగొచ్చు. సర్వే నంబర్లు రాసిపెట్టుకోమన్నది ఇందుకే. రెవెన్యూ వసూలు నిదానంగా నడుస్తుంది, ఏళ్ళు పడుతుంది. ఆ సంగతి దాచి మీకు ధైర్యం చెప్పడం నాకిష్టం లేదు.

అందుకే రాజీ అంటే నాకు చిన్నచూపేమీ లేదు. పెద్దమనుషులు మళ్ళీ వస్తారు, రేపు పెళ్ళిళ్ళలో ఎదురుపడాల్సిన వాళ్ళే. కూర్చోబెట్టి టీ ఇవ్వండి. "నేను కాదనను బాబూ, మాట్లాడుకుందాం. కానీ లోక్ అదాలత్‌లో జడ్జి గారి ముందు మాట్లాడుకుందాం" అనండి. లోక్ అదాలత్‌లో ఒప్పుకున్నది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. ఊరి కాగితానికి ఆ బలం లేదు. ఎంత మొత్తానికి ఒప్పుకుంటారన్నది మీరూ మీ ఆవిడా నిర్ణయించుకోవాలి, నేను చెప్పేది వరస గురించి: డబ్బు బ్యాంకులో పడాలి, తరవాతే బండికి అభ్యంతరం లేదనాలి. మందులకని ఇప్పుడు పదో ఇరవయ్యో వేలు ఇస్తామంటే పుచ్చుకోవడంలో తప్పులేదు. రసీదులో "వైద్య ఖర్చుల నిమిత్తం పాక్షికంగా" అని రాయండి. "పూర్తి పరిష్కారంగా" అన్న మాట ఎక్కడైనా కనబడితే కలం మూసేయండి.

ఇది చదివే మిగతావాళ్ళకి ఒక ముక్క. రోడ్డు ప్రమాదంలో గాయపడ్డవాళ్ళకి మొదటి ఏడు రోజుల్లో లక్షన్నర దాకా నగదు కట్టకుండా వైద్యం అందించే కేంద్ర పథకం 2025 మేలో వచ్చింది. గుద్దిన బండికి బీమా లేకపోయినా వర్తిస్తుంది. పథకంలో ఉన్న ఆసుపత్రికి వెళ్ళాలి, 112కి ఫోను చేస్తే దగ్గర్లో ఏది ఉందో చెబుతారు. ఈ దంపతులకి ఎవరైనా ఆ రోజు ఈ మాట చెప్పి ఉంటే ఖర్చు సగం తగ్గేదేమో.

చివరగా, అమ్మా, మీరు అడిగించిన ప్రశ్న. ఆ కుర్రాడి మీద పోలీసులు పెట్టిన కేసు వేరు, మీరు వేయబోయే పిటిషన్ వేరు. నిర్లక్ష్యంగా నడిపి తీవ్రంగా గాయపరచినందుకు భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ కింద గరిష్ఠ శిక్ష మూడేళ్ళ జైలు, లేదా పది వేల జరిమానా, లేదా రెండూ. బీమా లేకుండా నడిపినందుకు మొదటిసారి మూడు నెలల దాకా జైలు, లేదా రెండు వేల జరిమానా, లేదా రెండూ. ఆ కేసు నడిపేది ప్రభుత్వం. మీరు పరిహారం అడిగినా అడగకపోయినా అది నడుస్తుంది. ట్రిబ్యునల్‌లో మీరు అడిగేది డబ్బు మాత్రమే, అక్కడ ఎవర్నీ జైలుకి పంపరు. ఆ తల్లి మళ్ళీ వస్తే ఈ మాటే చెప్పండి. టెక్కలి ఆయన్ని కూడా వెంటబెట్టుకు రమ్మనండి, కాగితాల మీద బండి ఆయనదే.